బకోలోద్‌లో ఇనసాల్ ఎలా తినాలి: కాల్చేది వాళ్ళు, కలుపుకునేది మనం

ఫిలిప్పీన్స్‌లో చదువుకుని వచ్చిన మన పిల్లల్ని అక్కడ తిండి ఎలా ఉండేదని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే. అంతా తీపి, ఎక్కడ చూసినా పంది, కారం మాటే లేదు. దవావోలో మెడిసిన్ చదివిన మొదటి ఏడాదంతా నేనూ ఇదే పాట పాడాను. రూమ్‌లో రైస్ కుక్కర్, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ, కందిపొడి, అవి అయిపోతే గుడ్లు, బయటికెళ్తే ఫ్రైడ్ చికెన్. ఇంతే నా లోకం. రెండో ఏడాది సెలవుల్లో క్లాస్‌మేట్ ఒకడు వాళ్ళ ఊరు బకోలోద్ తీసుకెళ్ళాడు. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పొగకి కళ్ళు మండుతుంటే, మూడు పుల్లల ఇనసాల్, అంటే బొగ్గుల మీద కాల్చిన కోడి, నాలుగు కప్పుల అన్నం లాగించాక అర్థమైంది, తప్పు తిండిది కాదు, నాకు తినడం రాలేదంతే.

ఆ తినడం ఎలాగో వరసగా చెప్తాను. అక్కడ చదువుతున్నవాళ్ళకి, వాళ్ళని చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలకి, ఊరికే తిరగడానికి వెళ్ళేవాళ్ళకి, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఇది తందూరీ కాదని ఒప్పుకోండి

ఇనసాల్ అంటే హిలిగాయ్‌నోన్ భాషలో కాల్చినది అని. పశ్చిమ విసాయాస్ దీవుల్లో మాట్లాడే భాష అది, బకోలోద్ వాళ్ళదీ, ఎదురుగా సముద్రానికి అవతల ఉన్న ఇలోయిలో వాళ్ళదీ. పలికేటప్పుడు చివరి "సాల్" మీద ఒత్తు పడాలి. బకోలోద్ ఉన్నది నీగ్రోస్ దీవిలో, చెరకు తోటల సీమ, ఊరు దాటితే రోడ్డుకి రెండు వైపులా చెరకే.

కోడిని వెనిగర్, కలమాన్సి అనే బుల్లి నిమ్మకాయల రసం, అల్లం, వెల్లుల్లి, దంచిన నిమ్మగడ్డి వేసి నానబెడతారు. తర్వాత వెదురు పుల్లకి గుచ్చి బొగ్గుల మీద కాలుస్తూ మధ్యమధ్యలో నారింజ రంగు నూనె పూస్తారు. ఆ రంగు చూసి మనవాళ్ళు కారం దట్టించారనుకుంటారు, కారం కాదు. మన మన్యం వైపు జాఫ్రా అంటారే, ఆ గింజల రంగు. కంటికి తప్ప నాలుకకి పెద్దగా తెలియదు. పెరుగు లేదు, గరం మసాలా లేదు, ధనియాలూ లేవు. అందుకే మొదటి ముక్క వట్టిగా నోట్లో పెట్టుకుంటే "ఇంతేనా, దీనికోసమా ఇంత దూరం వచ్చింది" అనిపిస్తుంది. నాకూ అనిపించింది, మొహమాటానికి బావుందన్నాను.

అసలు కిటుకు ఏంటంటే అక్కడ వంటవాడు సగం పనే చేస్తాడు. మిగతా సగం మీ ముందున్న చిన్న సాసర్‌లో మీరే చేసుకోవాలి. అది చెయ్యకుండా తిని చప్పగా ఉందనడం, పులుసు పోసుకోకుండా వట్టి అన్నం తిని చప్పగా ఉందనడం లాంటిదే.

చైన్ రెస్టారెంట్‌లో ఒకసారి ప్రాక్టీస్ చెయ్యండి

నేరుగా బకోలోద్ వెళ్ళే వీలు అందరికీ ఉండదు. మనీలాలో ఉన్నా, సెబులో ఉన్నా, దవావోలో ఉన్నా దగ్గర్లో ఏదో ఒక మాల్‌లో మంగ్ ఇనసాల్ ఉంటుంది. 2003లో ఇలోయిలోలో ఎడ్గర్ సియా మొదలుపెట్టిన హోటల్ అది. 2010లో జాలిబీ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ అందులో 70 శాతం వాటా కొనేసింది, 2016లో మిగిలినదీ తీసుకుంది. మంగ్ అనేది పెద్దవయసు మగవాళ్ళని మర్యాదగా పిలిచే మాట, మనం బాబాయి అన్నట్టు. అన్నం ఎంతైనా పెట్టే మీల్ ఉంటుంది అక్కడ, హాస్టల్ పిల్లల ప్రాణం ఆ అన్నం మీదే ఉండేది.

రుచి గురించి గొప్పగా చెప్పను, ఫర్వాలేదు. కానీ టేబుల్ మీద సోయా సాస్, వెనిగర్, చికెన్ ఆయిల్ సీసాలు, పక్కన కలమాన్సి, మిరపకాయ ఇస్తారు కాబట్టి కలుపుకోవడం నేర్చుకోడానికి మంచి చోటు. వెనక లైన్‌లో ఎవరూ తొందరపెట్టరు. ఒకటి రెండుసార్లు అక్కడ తిని చెయ్యి అలవాటు చేసుకుని అప్పుడు అసలు చోటికి వెళ్ళండి. అక్కడితోనే ఆగిపోతే మాత్రం ఇనసాల్ తిన్నట్టు చెప్పుకోవద్దు, బకోలోద్ వాళ్ళు వింటే నవ్వుతారు.

ఇంకో సంగతి, రోడ్ల పక్కన గాజు పెట్టెలో గుండ్రంగా తిరుగుతూ కాలే మొత్తం కోడి ఇనసాల్ కాదు. దాన్ని లిచోన్ మనోక్ అంటారు. పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో అన్నంతో తినడానికి బావుంటుంది, కానీ రెండూ ఒకటనుకోకండి.

బకోలోద్‌లో కొట్టు ఎంచుకోవడం

విమానంలో వస్తే దిగేది పక్కనున్న సిలాయ్ ఊళ్ళో, ఇలోయిలో నుంచి వస్తే ఓడలో. ఎలా వచ్చినా ఎవరిని అడిగినా ముందు చెప్పే పేరు మనోకాన్ కంట్రీ. మనోక్ అంటే కోడి, మనోకాన్ అంటే కోడి దొరికే చోటు. వరసగా ఇనసాల్ అంగళ్ళు, ఐదాస్, నేనాస్ రోజ్ లాంటి పేర్లు అక్కడివే. ఎస్‌ఎం మాల్ దగ్గరున్న ఆ పాత షెడ్లని కొత్తగా కట్టడం కోసం 2024లో ఖాళీ చేయించారు, అందుకని పాత వీడియో చూసి ఆ గుర్తులతో వెతక్కండి. దిగగానే ట్రైసికిల్ అతన్నో హోటల్ రిసెప్షన్‌లోనో మనోకాన్ వాళ్ళు ఇప్పుడెక్కడున్నారని అడగండి. ఇంగ్లీషు అందరికీ వచ్చు, భాష టెన్షన్ వద్దు.

నా మటుకు నేను పేరు చూసి కాదు, పొయ్యి చూసి వెళ్తాను. పొయ్యి వీధి వైపు ఉండాలి, కాల్చేవాడు మీకు కనపడాలి. లోపలెక్కడో వండి తెచ్చే చోట ముందే కాల్చి పెట్టింది వేడి చేసి ఇచ్చే అవకాశం ఎక్కువ. పచ్చి పుల్లలు ట్రేలో పేర్చి ఉంటే అవి ఎంత వేగంగా ఖాళీ అవుతున్నాయో ఒక ఐదు నిమిషాలు నిలబడి గమనించండి. సాయంత్రం ఆరు దాటాక ఆఫీసు యూనిఫాంలో ఉన్నవాళ్ళు, ముసలమ్మలతో సహా వచ్చిన కుటుంబాలు కనిపిస్తే అక్కడ కూర్చోండి. ఫొటోలు తీసుకునేవాళ్ళే ఎక్కువుంటే పక్క కొట్టుకి నడవండి, నష్టం లేదు.

ఆ మొదటిరోజు నేను కూర్చున్నచోట కాల్చే ఆయనకి అరవై ఉంటాయేమో. మెడలో టవల్, ఎడమ చేతిలో విసనకర్ర. ఇనప చువ్వల మీద పుల్లలు ఒకదానికొకటి ఆనుకుని పడుకోబెట్టి ఉన్నాయి, ఇరవై పైనే. ఆయన చేతిలో బ్రష్ లేదు. నిమ్మగడ్డి కాడ ఒక కొసని చితక్కొట్టి కుంచెలా చేసుకుని, దాన్ని నారింజ నూనె డబ్బాలో ముంచి కోడి మీద తడుముతున్నాడు. నూనె బొట్టు బొగ్గు మీద పడి మంట లేవగానే పుల్లని పక్కకి జరిపేవాడు, మంట అణగగానే మళ్ళీ లాగేవాడు, ఆ జరపడంలోనే అంతా ఉంది. చర్మం అంచులు నల్లబడి బుడగలు రావాలి, కానీ మాంసం మాడకూడదు. విసనకర్ర ఒక్క క్షణం ఆపలేదు, మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క పుల్లా మాడలేదు. మా ఊళ్ళో మొక్కజొన్న కండెలు కాల్చే అవ్వ గుర్తొచ్చింది.

అడగాల్సిన మాటలు

మెనూలో ముక్కల పేర్లు ఉంటాయి. పేచో అంటే రొమ్ము భాగం, తరచూ రెక్క కూడా కలిసి వస్తుంది. పా-ఆ అంటే తొడా కాలూ, రెండు ఆ-ల మధ్య కొంచెం ఆగి పలకాలి. పక్‌పాక్ రెక్క. అతాయ్ లివర్, బతికులోన్ కందనకాయ. ఇసోల్ గురించి తర్వాత చెప్తాను, దాని కథ వేరు.

మొదటిసారైతే పా-ఆ చెప్పండి. బొగ్గుల మీద రొమ్ము ముక్క కొంచెం ఎక్కువ సేపు ఉంటే పీచులా అయిపోతుంది, తొడ ముక్క అంత తొందరగా చెడదు. ఇద్దరుంటే ఒక పా-ఆ, ఒక పేచో, ఒక పుల్ల లివర్ చెప్పి పంచుకోండి. ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే మొహమాటపడకుండా ఇంకాసేపు కాల్చమని వెనక్కి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను ఒకసారి మరోచోట మొహమాటానికి తినేసి రెండు రోజులు బస్సెక్కలేకపోయాను.

పిలవడం కూడా నేర్చుకోండి. అక్కడ కాస్త పెద్దాయన్ని "నోంగ్" అని, పెద్దావిడని "నాంగ్" అని పిలుస్తారు, చిన్నవాడైతే తోతో, ఆడపిల్లయితే ఇందాయ్. మనీలాలో వాడే కూయా, అతే అన్నా పలుకుతారు, కానీ "నోంగ్, పాలిహోగ్" అన్నారంటే, పాలిహోగ్ అంటే దయచేసి అని, మొహం విచ్చుకుంటుంది, అన్నం కప్పు కొంచెం నిండుగా వస్తుంది. తిన్నాక "నామిత్ గిద్" అనండి. చాలా బావుందని.

ఇక అతి ముఖ్యమైనది. ఫిలిప్పీన్స్‌లో ఉత్త బార్బెక్యూ అని రాసి ఉంటే అది పందిమాంసం అనుకోవాలి, కోడి అయితే చికెన్ అని విడిగా రాస్తారు. మనీలాలో మొదటి వారం ఇది తెలియక నాతోపాటు ఉన్న ఒకతను, ఇంట్లో ఆ మాటే ఎత్తని కుటుంబం వాళ్ళది, రెండు పుల్లలు తిని మూడోది అడిగేటప్పుడు సంగతి బయటపడింది. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు, మాకూ లేదు. పంది తినని వాళ్ళు అడగాల్సిన ప్రశ్న "మే బాబోయ్ బా?" అని. ఇందులో పంది ఉందా అని దాని అర్థం. అవును, వాళ్ళ భాషలో పందిని బాబోయ్ అంటారు. మిరపకాయ కొరికి మనం బాబోయ్ బాబోయ్ అని అరిస్తే వెయిటర్ పంది తేవాలా అని అడుగుతాడు, ఇది జోక్ కాదు, నాకు జరిగింది. అదే పొయ్యి మీద పంది పుల్లలు కూడా కాలుస్తుంటారు చాలా చోట్ల. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు కోడి ఒక్కటే కాల్చే కొట్టు చూసుకోవాలి, లేదా హలాల్ బోర్డు ఉన్న హోటల్‌కి వెళ్ళాలి.

సాసర్‌లో పని

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

టేబుల్ మీద ఒక పాత సీసాలో లేత రంగు ద్రవంలో మునిగి ఎర్ర మిరపకాయలు, వెల్లుల్లి రేకలు, అల్లం ముక్కలు కనిపిస్తాయి. దాని పేరు సినమాక్. కొబ్బరి వెనిగర్‌లోనో చెరకు వెనిగర్‌లోనో ఇవన్నీ వేసి రోజుల తరబడి ఊరనిస్తారు, అందులో లంకావాస్ కూడా పడుతుంది, మన ఆయుర్వేదం కొట్టులో దుంపరాష్ట్రం అని అమ్మేది అదే. కొబ్బరి వెనిగర్ అంటే వేరే ఏదో కాదు, కొబ్బరికల్లు తాగకుండా వదిలేస్తే పులిసి పులిసి అయ్యేదే. అక్కడ కొబ్బరికల్లుని తుబా అంటారు, గీసేవాళ్ళు మన గీతకార్మికుల్లాగే చెట్టెక్కుతారు. కోనసీమ వాడినైన నాకు ఆ వాసన తెలిసిన వాసనే, అందుకేనేమో సినమాక్ మొదటి రోజే నచ్చేసింది.

మిరపకాయలు సిలింగ్ లబుయో అనే రకం, చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దవి, అంతే. సైజు చూసి తక్కువ అంచనా వెయ్యకండి. గుంటూరు మిర్చి తిన్న నాలుక అనే గర్వం నాకూ ఉండేది.

సాసర్‌లో ఒక చెంచా సోయా సాస్ వెయ్యండి, అంతకన్నా వద్దు, ఉప్పంతా అందులోనే ఉంది. దానికి రెండింతలు సినమాక్ పొయ్యండి. మూడు నాలుగు కలమాన్సిలు పిండండి. పిండేటప్పుడు కోసిన వైపు పైకి పట్టుకోవాలని మా ఫ్రెండ్ వాళ్ళమ్మ నేర్పారు, గింజలు పైనే ఆగిపోతాయి, రసం మాత్రం అంచు మీదుగా జారుతుంది. ఇప్పుడు ఒక లబుయో వేసి చెంచా వెనకభాగంతో నొక్కి చిదమండి. ఎక్కువ కారం తినేవాళ్ళయితే రెండు. చివర్లో నారింజ రంగు చికెన్ ఆయిల్ నాలుగు చుక్కలు. కలిపి వేలితో రుచి చూడండి. మొదట పులుపు కొట్టాలి, తర్వాత ఉప్పు, ఆ తర్వాత కారం వెనక నుంచి రావాలి. ఉప్పు ముందొస్తే సోయా ఎక్కువైనట్టు, ఇంకో కలమాన్సి పిండండి.

ఇప్పుడు కోడి ముక్క చీల్చి అందులో ముంచి తినండి. చప్పదనం గురించి ఇంకెవరూ మాట్లాడరు. బొగ్గు పొగ, నిమ్మగడ్డి వాసన, కల్లు పులుపు, ఇవన్నీ మసాలా అడ్డం లేకుండా విడివిడిగా తెలుస్తాయి. మసాలా దట్టిస్తే కోడి ఎలాంటిదైనా ఒకటే, ఇక్కడ మాత్రం కోడి తాజాదా కాదా అన్నది మొదటి ముద్దకే దొరికిపోతుంది. ఈ మాట అన్నందుకు మా ఇంట్లో నన్ను వెలివేసినంత పని చేశారు, అయినా అంటాను.

అన్నం సంగతి. వెల్లుల్లి వేయించి కలిపిన అన్నం దొరుకుతుంది, తెల్లన్నం కూడా. ఏదైనా సరే వేడి అన్నం మీద చికెన్ ఆయిల్ కొంచెం పోసుకుని కలపండి, మనం మొదటి ముద్దకి నెయ్యి వేసుకున్నట్టు. కోడి కొవ్వు కరిగించి, వెల్లుల్లి, జాఫ్రా వేసి తీసిన నూనె అది. డాక్టర్‌గా చెప్పాల్సి వస్తే రోజూ వద్దంటాను, ప్రయాణంలో ఉన్నారు కాబట్టి పోసుకోండి. చేత్తో తినడానికి సంకోచించక్కర్లేదు, వాళ్ళూ చేత్తోనే తింటారు, గోడకి చెయ్యి కడుక్కునే సింక్ ఉంటుంది. కొన్నిచోట్ల చేతికి ప్లాస్టిక్ కవర్ గ్లవుజులు ఇస్తారు. నేను తొడుక్కోను, గ్లవుజు వేసుకుని అన్నం కలిపితే ఏదో ఆపరేషన్ చేస్తున్నట్టుంటుంది.

ఇసోల్

కోడి తోక మొదట్లో ఉండే కొవ్వు ముక్క. మన ఇళ్ళలో కోసేటప్పుడే తీసి పారేస్తారు, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు, మా ఇంట్లో అయితే తాతయ్య, నాకివ్వండి అని అడిగి తీసుకుంటారు. బకోలోద్‌లో దీన్ని నాలుగైదు చొప్పున పుల్లకి గుచ్చి అమ్ముతారు, రాత్రి ఆలస్యంగా వెళ్తే అయిపోయిందంటారు. బయట కరకరలాడుతూ లోపల కరిగిపోతుంది, సినమాక్ లేకుండా మాత్రం రెండు ముక్కలు దాటి తినలేరు. నాకేం ముక్కో తెలియక ముందు రెండు పుల్లలు తినేశాను. తర్వాత ఫ్రెండ్ తన సొంత ఒంటి మీద చూపించి చెప్పాడు. మూడో పుల్ల కూడా చెప్పాను. తాతయ్యకి ఫోన్ చేసి చెప్తే ఎంతకి ఇస్తున్నారని మాత్రం అడిగాడు.

శాకాహారులు వెంట ఉంటే

నిజం చెప్పాలంటే కష్టం. కూరగాయల కూరలో కూడా రొయ్య ముద్దో పంది ముక్కో పడుతుంది, బాగోంగ్, అంటే ఆ రొయ్య ముద్ద, లేకుండా చెయ్యగలరా అని అడిగి చెప్పించుకోవాలి. నాకు తెలిసి గట్టెక్కించేది ఎన్సలాదాంగ్ తలోంగ్. వంకాయని నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, టమాటా, ఉల్లిపాయ, వెనిగర్ కలిపి ఇస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడికి పోపు పెట్టడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాని మీద గుడ్డూ రొయ్య ముద్దా వద్దని ముందే చెప్పండి. వేడన్నం, ఆ వంకాయ, సినమాక్, ఒక పూట గడుస్తుంది.

మర్నాడు పగలు

ఇనసాల్ సాయంత్రానికి వదిలేసి పగలు వేరే వెతకండి. ఇక్కడే మన నోటికి బాగా దగ్గరవి దొరుకుతాయి. కాద్యోస్ అనే గింజ మెనూలో కనిపిస్తే ఆగండి, అది మన కందే. మనం పప్పు చేసి తింటాం, వాళ్ళు గింజని తొక్కతోనే ఉడికించి, పనసకాయ ముక్కలు వేసి, బత్వాన్ అనే పుల్లటి కాయతో పులుపు తెస్తారు. మామూలుగా పందితో చేస్తారు, కోడితో చేసింది కూడా ఉంటుంది, అడగండి. కందులూ పనసకాయా ఒకే కుండలో. మన పెళ్ళిళ్ళలో పనసపొట్టు కూర వండే వంటవాళ్ళకి ఇది చూపించాలని ఎప్పటినుంచో కోరిక.

తినోలా అనే అల్లం కోడి పులుసులో వేసేది ముల్లంగి ఆకు కాదు, పేరు మలుంగాయ్, అంటే మునగాకే. జ్వరం వచ్చిన రోజున ఎవరింటికెళ్ళినా ఇదే పెట్టేవారు నాకు. అక్లాన్ వైపు వెళ్తే ఇనుబారాన్ ఉంటుంది, నాటుకోడిని అరటి దూటతో, కొబ్బరిపాలతో వండేది. అరటి దూట తినేది గోదావరి వాళ్ళమే అనుకునేవాణ్ణి.

తీపికి పియాయా. గోధుమపిండి ఉండలో మస్కోవాదో, అంటే వాళ్ళ బెల్లం పొడి, పెట్టి పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు, పైన నువ్వులు. పూర్ణంలో శనగపప్పు లేని బొబ్బట్టు అనుకోండి. ప్యాకెట్‌లో కట్టింది కొనకండి, పెనం మీద నుంచి తీసింది వేడిగా తినండి, లోపల బెల్లం కారుతుంది, నాలుక జాగ్రత్త. సిలాయ్ వెళ్తే 1920 నుంచి ఉన్న ఎల్ ఐదియల్ బేకరీలో పెద్ద జామకాయలతో చేసే పై దొరుకుతుంది, చెరకు తోటల యజమానులు కట్టుకున్న పాత బంగళాలు కూడా ఆ ఊళ్ళోనే. అక్టోబర్‌లో అయితే బకోలోద్‌లో మస్కారా పండగ. 1980లో పంచదార ధరలు పడిపోయి ఊరు దిగాలుగా ఉన్నప్పుడు, అదే ఏడాది ఒక ఓడ మునిగి చాలామంది చనిపోయాక, నవ్వు మొహాల మాస్కులతో మొదలుపెట్టారు. ఆ వారం రూమ్ దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి.

సముద్రం దాటి ఇలోయిలో

బకోలోద్ ఓడరేవు నుంచి ఫాస్ట్ క్రాఫ్ట్ ఎక్కితే గంట, గంటన్నరలో ఇలోయిలో. ఇనసాల్ మాదంటే మాదని రెండు ఊళ్ళ వాళ్ళూ వాదించుకుంటారు. మనకెందుకు ఆ గొడవ, బిర్యానీ విషయంలో మనం చేసేది తక్కువా. ఇలోయిలోని 2023లో యునెస్కో ఆహార నగరాల జాబితాలో చేర్చింది, ఫిలిప్పీన్స్ నుంచి అదే మొదటిది. మన హైదరాబాద్‌కి ఆ గుర్తింపు 2019లోనే వచ్చింది, మాటల్లో ఈ ముక్క వాడుకోండి, హోటల్ ఓనర్లు కూర్చోబెట్టి ఇంకేదో తెచ్చి పెడతారు.

ఇక్కడ తినాల్సింది నాటుకోడి. ఈ ఊరున్న పనాయ్ దీవి నాటుకోడి రకాన్ని దారాగ్ అంటారు, బక్కగా, గట్టిగా ఉంటుంది. అరేవాలో వైపు సముద్రం ఒడ్డున తతోయ్స్ మనోకాన్ అని పాత హోటల్, కోడి పొట్టలో నిమ్మగడ్డి కూరి మొత్తంగా కాలుస్తారు. ఫారం కోడికి అలవాటుపడ్డ పళ్ళకి మొదట కొంచెం పని పడుతుంది. కబతువాన్ అనే ఊరి వంట తినువోమ్, నాటుకోడి ముక్కల్ని టమాటా, నిమ్మగడ్డితో అరటాకులో మూటకట్టి వండుతారు, ఆ ఆకు విప్పేటప్పుడు వచ్చే ఆవిరి కోసమే వెళ్ళొచ్చు. బాచోయ్ అనే నూడుల్స్ సూప్ ఊరంతా ఫేమస్, కానీ అందులో పంది లోపలి భాగాలుంటాయి, తెలిసి తినండి. ఎదురుగా ఉన్న గిమరాస్ దీవి మామిడిపళ్ళు తియ్యగా ఉంటాయి, బంగినపల్లితో పోలిక పెట్టి అక్కడ గొడవ పడకండి.

ఇంకా దూరం వెళ్ళేవాళ్ళకి

సెబులో మాటల దగ్గర ఒక గుంట ఉంది. అక్కడ ఇనసాల్ అంటే చాలామందికి కాల్చిన మొత్తం పంది. కోడి కావాలంటే చికెన్ అని నొక్కి చెప్పాలి. ఫుయెంతే ఒస్మేన్యా సర్కిల్ దగ్గర లార్సియాన్ అనే చోట పచ్చి పుల్లలు పరిచి ఉంటాయి, చూపించినవి కాల్చి ఇస్తారు, అన్నం కొబ్బరాకు అల్లిన బుల్లి పొట్లంలో ఉడికి వస్తుంది, దాని పేరు పూసో. కొబ్బరాకు వాసన పట్టిన ఆ అన్నం ముద్ద ఒక్కటే చాలు నాకు.

దవావోలో రోహాస్ వీధి నైట్ మార్కెట్ మా కాలేజీ పిల్లల అడ్డా. వీధిలో కాల్చేవాటికి పెట్టిన పేర్లు చూస్తే నవ్వొస్తుంది. కోడి కాళ్ళు అడిడాస్, కోడి తల హెల్మెట్, గడ్డకట్టిన రక్తం చతురస్రాలుగా కోసింది బీటామాక్స్, పాత వీడియో క్యాసెట్ ఆకారం కదా అందుకు. పేగులు ఇసావ్, అవి తింటే మాత్రం బాగా కాలినవే, రద్దీ ఉన్న బండి దగ్గరే తినండి.

నా దృష్టిలో అన్నిటికన్నా మనవాళ్ళకి నచ్చేది ఇంకా దక్షిణాన తౌసుగ్ ముస్లింల ప్యాంగాంగ్. కొబ్బరిని నల్లగా బొగ్గయ్యేదాకా కాల్చి, మసాలాలతో నూరి, కోడిని అందులో కొబ్బరిపాలు, నిమ్మగడ్డితో ఉడికించి, చివర నిప్పుల మీద కాలుస్తారు. నల్లటి కోడి. మసాలా ఉంది, హలాల్, కారం కూడా తక్కువేం కాదు. జాంబొవాంగాలో పొద్దున్నే టిఫిన్‌కి సత్తి అని మాంసం పుల్లలు, అన్నం ముద్దలు ఎర్రటి కారప్పులుసులో ముంచి ఇస్తారు. ఆ వైపు వెళ్ళేముందు మాత్రం భద్రత సూచనలు చూసుకోండి. అంత దూరం వద్దనుకుంటే మనీలాలో కియాపోలో బంగారు గుమ్మటం మసీదు చుట్టుపక్కల చిన్న హలాల్ హోటళ్ళు ఉన్నాయి, దక్షిణాది వంటలు అక్కడ వెతకండి.

తిరిగొచ్చేటప్పుడు

సినమాక్ సీసా ఒకటి తప్పకుండా తెచ్చుకోండి. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసి పక్కన పడేస్తారు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. మూత మీద టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, పాత లుంగీలో చుట్టి మధ్యలో పెట్టండి. నేను మొదటిసారి ఒక్క కవరే వేశాను, విజయవాడ చేరేసరికి తెల్లకోటు నుంచి పుస్తకాల దాకా అన్నీ పులుపు వాసన, అమ్మ పెట్టె మొత్తం మేడ మీద రెండు రోజులు ఎండలో పెట్టింది. ఇంట్లో వాడుతూ సగమయ్యాక అదే సీసాలో మళ్ళీ వెనిగర్ పోసుకోవచ్చు, మిరపకాయలు ఇంకా కొన్నాళ్ళు పనిచేస్తాయి. మా సీసాలో ఇప్పుడున్నవి లబుయోలు కావు, పెరట్లో కాసిన మిరపకాయలు, అమ్మే వేసింది, ఆదివారం చేప వేపుడు చేస్తే ఆ సీసా తనే తీసుకొచ్చి పెడుతోంది.